ఎడారిలో పగటి వేడి, రాత్రి చలి

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధర్మప్రియులైన సోదరులారా!

రాత్రింబవళ్ళ మార్పును గురించి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ మనల్ని పదే పదే ప్రోత్సహిస్తుంది. ఆ మార్పు అతి తీవ్రంగా కనిపించే చోటు ఎడారి. ఉత్తర అరేబియాలోని నఫూద్ ఎడారిలో పగటికీ రాత్రికీ మధ్య 15 డిగ్రీలు, అంతకు మించిన వ్యత్యాసం సాధారణం. చలికాలంలో కొన్ని రాత్రులు అక్కడ నీరు గడ్డకడుతుంది.

దీనికి కారణం ఇసుక మాత్రమేనని చాలామంది తలుస్తారు. ఇసుక పాత్ర ఉన్న మాట నిజమే. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణంలో సుమారు ఐదవ వంతు కిలో ఇసుకకు సరిపోతుంది. రేణువుల నడుమ గాలి ఉండడం వల్ల ఆ వేడి లోతుకు దిగదు. పై పొర మాత్రమే కాలుతుంది. మూరెడు లోతున రాత్రికీ పగటికీ తేడా దాదాపు తెలియదు. తడి నేలపై పడే ఎండలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. ఎడారిలో ఆ తడి లేదు. కనుక ఎండ నేలనూ గాలినీ నేరుగా వేడెక్కిస్తుంది.

అయితే రాత్రి చలికి ప్రధాన కారణం పైన, ఆకాశంలో ఉన్నది. వేడెక్కిన నేల కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో ఉష్ణాన్ని నిరంతరం వెలువరిస్తుంది. గాలిలోని నీటి ఆవిరి, మేఘాలు ఆ ఉష్ణాన్ని గ్రహించి కొంత తిరిగి నేలకు పంపుతాయి. మబ్బు పట్టిన రాత్రి మనకు ఉక్కపోతగా ఉండడానికి ఇదొక కారణం. ఎడారి ఆకాశానికి ఈ దుప్పటి చాలా పలుచన. సూర్యుడు అస్తమించగానే నేల వేడి అంతరిక్షంలోకి తరలిపోతుంది. పూర్వం ఇరాన్ ఎడారి పట్టణాల ప్రజలు ఈ గుణాన్ని గ్రహించి, చలికాలపు రాత్రులలో లోతులేని మడుగులలో నీటిని గడ్డకట్టించి, యఖ్‌చాల్ అనే గుమ్మటపు కట్టడాలలో వేసవి కోసం దాచుకునేవారు.

సోదరులారా! ఇక్కడ హజ్ యాత్రికులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. ఎడారి దేశం కదా, రాత్రికి చల్లబడుతుందిలే అనే భరోసా మక్కాలో పనికిరాదు. ఆ నగరం రాతి కొండల నడుమ లోయలో ఉన్నది. కొండలు, కట్టడాలు, రహదారులు పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా విడుస్తూ ఉంటాయి. ఎర్రసముద్రం అంత దూరం కాదు. దాని తేమ కూడా వేడిని నిలుపుతుంది. అందుచేత వేసవిలో అనేక రాత్రులు 30 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి. పగలు అలసిన శరీరానికి రాత్రి విశ్రాంతి దొరకదు.

2024 జూన్ 17న మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ హజ్‌లో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో అత్యధికులు అధికారిక అనుమతి లేక, నీడా విశ్రాంతీ కరువై, ఎండలో చాలా దూరం నడిచినవారు.

తీవ్రమైన ఎండలో జుహ్ర్ నమాజును కాస్త చల్లబడేవరకు ఆలస్యం చేయమని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. ప్రాణాన్ని కాపాడుకోవడం భక్తికి విరుద్ధం కాదని ఇది మనకు బోధిస్తుంది. కనుక హజ్‌కు వెళ్ళేవారు అనుమతితోనే వెళ్ళాలి. గొడుగు, నీరు దగ్గర ఉంచుకోవాలి. దాహం వేయకముందే త్రాగాలి. మిట్టమధ్యాహ్నం అనవసరంగా నడవరాదు. తోటి యాత్రికుడు తడబడుతూ పొంతన లేకుండా మాట్లాడితే, వెంటనే నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, వైద్య సహాయం కోరాలి. వృద్ధులైన తల్లిదండ్రులను పంపేవారు ఈ మాటలు వారికి ముందుగానే వివరించాలి.

సృష్టిలోని సూచనలను గ్రహించే వివేకాన్ని, ప్రాణమనే అమానతును కాపాడుకునే జాగ్రత్తను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.