పది మార్కుల సూత్రం.. ఐదు వేల లెక్క

దసరా దగ్గర పడుతోందంటే బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో ఇంటింటా ఒకటే ముచ్చట: ఈసారి సింగరేణి లాభాల వాటా ఎంత? ఆ ఇళ్లలోనే ఇంటర్ ఫస్టియర్ సీఈసీ పిల్లలు ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ బట్టీ పడుతుంటారు. పది మార్కుల ప్రశ్న మరి!

నైట్ షిఫ్ట్ చేసి బొగ్గు బాయి నుంచి పైకొచ్చిన కార్మికుడికి మొదటి చాయ్ 20 యూనిట్ల తృప్తినిచ్చిందనుకుందాం. రెండోది 12, మూడోది 5, నాలుగోది సున్నా. దోస్తు బలవంతం మీద తాగిన ఐదోది మైనస్ 4. ఇవి ఉపాంత ప్రయోజనాలు, అంటే ఒక్కో చాయ్‌తో అదనంగా కలిగిన తృప్తి. ఇది ఇలా తగ్గుతూ పోవడమే ఆ సూత్రం. కూడుతూ పోతే మొత్తం ప్రయోజనం 20, 32, 37, 37, 33. ఉపాంతం తగ్గుతోందంటే మొత్తమూ తగ్గుతోందని చాలామంది రాసేస్తారు. కాదు. మూడో చాయ్ దాకా మొత్తం పెరుగుతూనే ఉంది, ఆ పెరగడమే మందగించింది. ఉపాంతం సున్నా అయిన చోటే మొత్తం గరిష్ఠం. పటంలో ఆ రెండు బిందువులూ ఒకే నిలువు గీత మీద పడాలి.

లోతుకు పోయేకొద్దీ బొగ్గు తీయడం కష్టమవుతుంది కదా, అదీ ఇదేనా అంటారు కొందరు. అది ఉత్పత్తి సంగతి. ఇది వాడుకునేవాడి తృప్తి లెక్క.

అయినా ఈ సూత్రానికి బొగ్గుతో చుట్టరికం లేకపోలేదు. బ్రిటన్‌లో చవక బొగ్గు అయిపోతే గతేమిటని 1865లో పుస్తకం రాసిన ఆర్థికవేత్త జెవాన్సే, 1871లో ఉపాంత ప్రయోజనాన్ని విలువకు పునాదిగా నిలబెట్టాడు. జర్మనీలో గోసెన్ 1854లోనే ఆ మాట చెప్పాడు గానీ, పాపం, ఆయన పుస్తకాన్ని కొన్నవాళ్లు చాలా తక్కువ.

మరో ఆర్థికవేత్త మార్షల్ దగ్గరికొస్తే ఒక చిక్కు. ద్రవ్యం ఉపాంత ప్రయోజనం స్థిరంగా ఉంటుందని ఆయన అనుకున్నాడు. పరీక్షలో దీన్ని ప్రమేయాల కింద ఒక్క వాక్యంలో రాసి వదిలేస్తారు. కోల్‌బెల్ట్‌లో మాత్రం అది వదిలేసే వాక్యం కాదు. 2024 సెప్టెంబరులో, పెట్టుబడులకు పోను మిగిలిన 2,412 కోట్ల లాభంలో 33 శాతం, అంటే 796 కోట్లు, సింగరేణి కార్మికులకు వాటాగా ప్రకటించారు. పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారి తలా ఐదు వేలు.

లక్షా 90 వేలకు ఇంకో ఐదు వేలు కలిస్తే, కొనబోయే టీవీ సైజు ఓ మెట్టు పెరుగుతుందేమో. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో అదే ఐదు వేలతో కిరాణా కొట్టు ఖాతా తీరుతుంది, బిడ్డ ఫీజు బాకీలో కొంత పోతుంది. నోట్లు అవే, వాటి ఉపాంత ప్రయోజనం వేరు. ఇద్దరి తృప్తినీ పక్కపక్కన పెట్టి కొలిచే శాస్త్రీయ సాధనం లేదని ఆర్థికవేత్త రాబిన్స్ 1932లో అభ్యంతరం చెప్పాడు. తర్కానికి సబబే. ఆ మాట ఖని చౌరస్తాలో నిలబడి చెబితే మాత్రం నవ్విపోతారు.