కర్రకు చుట్టిన పూలతీగ

మీ ఇంట్లో చపాతీల కర్ర ఉంటుంది కదా! ఒక కాగితం మీద పూలతీగ గీసి ఆ కర్రకు చుట్టి చూడండి. మొదలూ చివరా కలిసే చోట పువ్వు సగానికి తెగుతుంది. లేదా రెండు పూల మధ్య ఖాళీ మిగులుతుంది. గుండ్రని కర్ర మీద నగిషీ చెక్కే యంత్రానికి కూడా ఇదే చిక్కు.

అంకెల ఆజ్ఞలతో నడిచే ఈ యంత్రాన్ని సి.ఎన్.సి. యంత్రం అంటారు. సరదాకు పని చేసుకొనేవారు బల్ల మీద పెట్టుకొనే చిన్న యంత్రాలూ ఉన్నాయి. తరిమెన మీద కర్ర వేగంగా తిరుగుతుంది, ఉలి తిరగదు. ఇక్కడ వేగంగా తిరిగేది బిట్టు. రెండు కొనల మధ్య బిగించిన కర్ర డిగ్రీల లెక్కన మెల్లగా కదులుతుంది.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ అనే ఆయన తుపాకికి అమర్చే కర్రభాగాన్ని చెక్కే యంత్రానికి 1819లో పేటెంటు పొందాడు. అందులో మాదిరి, ముడి చెక్క కలిసి తిరిగేవి. మాదిరిని తాకుతూ పోయే చక్రాన్ని బట్టి కోత చక్రం ముడి చెక్కను అదే ఆకారంలో చెక్కేది. ఆ తాకే చక్రం పనిని నేడు స్కానర్ చేస్తున్నది.

అయితే స్కానర్లన్నీ ఒకటి కావు. పాత తలుపు మీది చిలుకను మామూలుగా ఫోటో తీసి ఇచ్చామనుకోండి. కంప్యూటర్ తెలుపును ఎత్తుగా, నలుపును పల్లంగా తీసుకుంటుంది. రెక్క నీడ పడిన చోటల్లా గుంటలు పడతాయి! నీడ ఏదో, లోతు ఏదో దానికి తెలియదు. కాబట్టి ఎత్తుపల్లాలను కొలిచే స్కానరే కావాలి. లేదా అనేక వైపుల నుండి తీసిన ఫోటోలతో ఎత్తులను లెక్కగట్టించాలి.

ఇక పూలతీగ సంగతి. కర్ర వ్యాసం 50 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత సుమారు 157 మిల్లీమీటర్లు. 30 మిల్లీమీటర్ల పూలు ఐదు పెడితే 150 మాత్రమే నిండుతుంది. మిగిలిన ఏడు మిల్లీమీటర్ల ఖాళీ ఎవరికైనా కనబడుతుంది. పువ్వును 31.4 మిల్లీమీటర్లకు సాగదీస్తే అతుకు తెలియదు. లోతును కూడా మరువరాదు. ఐదు మిల్లీమీటర్లు లోపలికి పోతే వ్యాసం 40కి, చుట్టుకొలత సుమారు 126కి తగ్గుతుంది. అంటే బొమ్మ అడుగున ఐదో వంతు ఇరుకవుతుంది. మొదట నేర్చుకొనేవారు రెండు మిల్లీమీటర్ల లోతుతో ఆగడం మేలని నా అభిప్రాయం.

కర్రను ముందే సరిగా గుండ్రం చేయాలి. అర మిల్లీమీటరు వంకర ఉన్నా ఒక రెక్క లోతుగా, మరొకటి పైపైన పడుతుంది. పొడవైన సన్నని కర్ర నడుమ వంగుతుంది కనుక రెండో కొనకు ఆనుడు తప్పదు. నిమిషానికి ఒక చుట్టు తిరిగే 50 మిల్లీమీటర్ల కర్ర అంచు 157 మిల్లీమీటర్లు సాగుతుంది. 20 మిల్లీమీటర్ల సన్నని మెడ దగ్గర సాగేది 63 మాత్రమే. అక్కడ తిప్పే వేగం పెంచకపోతే బిట్టు రాసుకొని చెక్క మాడుతుంది. టేకు ముట్టుకొనే ముందు బిట్టును పైకెత్తి గాలిలోనే ఒకసారి నడిపించాలి. ఆపైన ఏదైనా పనికిరాని కర్ర మీద చెక్కి చూడాలి.

ముందు మొద్దు బిట్టుతో ఎక్కువ చెక్కను తీసి, తరువాత గుండ్రని మొన గల మూడు మిల్లీమీటర్ల బిట్టుతో సన్నపని చేయాలి. అది అంతకన్న ఇరుకైన సందులోకి దూరదు. చిలుక కన్నును, ముక్కు కొసను చిన్న ఉలితో చేత్తోనే తీర్చాలి.