నొప్పి మాత్రకు గడియారం కావాలి

"ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని క్యాన్సర్ డాక్టరు అనగానే ఇంకేమీ చేయడానికి లేదని కుటుంబం అనుకుంటుంది. ఆసుపత్రి పని తగ్గిన మాట నిజమే. ఇంటి పని మాత్రం ఆ రోజే మొదలవుతుంది. మందుల వేళలు, ఒళ్లు తుడవడం, రాత్రి మేలుకోవడం భార్య మీదో కూతురి మీదో కోడలి మీదో పడతాయి. ఫోన్లలో సలహాలిచ్చే శాఖను కొడుకులు, బావమరుదులు సమర్థంగా నడుపుతారు.

ముందు నొప్పి సంగతి తేల్చుకోవాలి. ముదిరిన క్యాన్సర్‌లో నొప్పి రోజంతా ఉండొచ్చు, అలాంటప్పుడు మందూ రోజంతా ఒంట్లో ఉండాలి. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం నాలుగు గంటలకు తగ్గిపోతుంది. అందుకే డాక్టర్లు నాలుగు గంటలకొకటి చొప్పున రాసి, మధ్యలో నొప్పి ఎగదన్నితే వేయడానికి అదనపు మోతాదు విడిగా చెబుతారు. ఇళ్లలో మాత్రం "నాన్న అడిగితే ఇద్దాంలే" అంటారు. నాన్నలు అడగరు. పంటి నొప్పిని లవంగంతో, నడుం నొప్పిని మౌనంతో నెట్టుకొచ్చిన తరం అది. ఆయన అడిగేదాకా ఆగితే నొప్పి బాగా ముదిరిపోతుంది, దాన్ని దించడానికి మందూ ఎక్కువే పడుతుంది. మనమే అడగాలి. నొప్పి పదికి ఎంత అంటే తెలియనివాళ్లను రూపాయిలో ఎంత అని అడగండి: పావలానా, అర్ధా, ముప్పావలానా? ఆ జవాబును వేళతో సహా ఒక నోటుబుక్కులో రాసిపెడితే డాక్టరుకు మన వర్ణనల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

మార్ఫిన్ పేరెత్తగానే "అలవాటు పడిపోతాడేమో" అనే బంధువు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. తరచుగా ఆ మాట గేటు బయట సిగరెట్ కాలుస్తూ అంటాడు. నొప్పికి తగ్గ మోతాదులో, డాక్టరు పర్యవేక్షణలో వాడితే వ్యసనంగా మారడం అరుదు. ఒళ్లు ఆ మందుకు అలవాటు పడేది నిజమే కాబట్టి హఠాత్తుగా మానేయకూడదు. మొదట్లో వచ్చే మగత, వికారం కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే మార్ఫిన్ మొదలైన రోజే విరేచన మందూ మొదలవ్వాలి. ఈ విషయం మాట్లాడటానికి మొహమాటపడి, కడుపుబ్బరాన్ని జబ్బు ముదిరిన లక్షణంగా పొరబడే ఇళ్లు తక్కువేమీ కాదు. ఇంకో జాగ్రత్త: నెమ్మదిగా పనిచేసే మార్ఫిన్ మాత్రను నలిపి నీళ్లలో కలపకూడదు, పూట పొడవునా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది.

మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే దేశం మనది. అయినా వీధి చివరి మందుల షాపులో మార్ఫిన్ దొరకదు. మత్తుమందుల మీద 1985లో వచ్చిన చట్టం ఎంత గట్టిదంటే, దొంగతో పాటు రోగినీ దూరం పెట్టింది. 2014 సవరణతో గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులువైంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన (పాలియేటివ్) చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేంద్రాలున్నాయి, వాటి సిబ్బంది ఇళ్లకూ వెళతారు. ఏ ఊళ్లోనైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నోటితో వేసుకునే మార్ఫిన్ ఇక్కడ దొరుకుతుందా?

తర్వాతి గొడవ తిండి. "తినకపోతే బలమెలా వస్తుంది?" అని అందరూ గద్దిస్తారు. ఈ దశలో ఆయన తిననందుకు నీరసించడం లేదు, జబ్బు ముదిరి నీరసించాడు కాబట్టి తినలేకపోతున్నాడు. బలవంతంగా కుక్కితే వాంతవుతుంది. "బలానికి ఒక సీసా ఎక్కించండి" అనేది ఆ తర్వాతి కోరిక. అర లీటరు మామూలు గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, మహా అయితే వంద కేలరీలు. రెండు ఇడ్లీలపాటి బలానికి సూది పోటు అదనం. చివరి రోజుల్లో అలా ఎక్కించిన నీరు కాళ్లలో చేరి వాపు, ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తేవచ్చు. ఆయన కోరింది చెంచాడు పెట్టండి, పెదాలు తడపండి, నోరు శుభ్రం చేయండి. ఆకలి చచ్చినా నోరు ఎండిపోవడం బాధిస్తుంది.

పడక పుండ్లు రాకుండా రెండేసి గంటలకు పక్క మార్చాలి. ఆయాసానికి మొహం మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే ఆశ్చర్యకరంగా హాయినిస్తుంది. వెన్ను నొప్పితో పాటు కాళ్లు హఠాత్తుగా బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి, గడ్డ వెన్నుపామును నొక్కుతూ ఉండొచ్చు.

"నాన్నకి మాత్రం చెప్పకండి" అన్న మాట డాక్టర్లకు కొత్త కాదు. ఆ ఒంట్లో ఉంటున్నది ఆయన, తెలియకుండా ఎలా ఉంటుంది? ఇంటిల్లిపాదీ నటిస్తారు, ఆయనా నటిస్తాడు, ఇవ్వాల్సిన బాకీలూ చెప్పాలనుకున్న మాటలూ అలాగే ఉండిపోతాయి. "నాన్నా, నీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని అడగండి. వద్దంటే ఆపేయండి, ఆ హక్కు ఆయనదే.

ఇంట్లోనే పోవాలన్నది ఆయన కోరికైతే, ఇంటికి వచ్చి చూసే డాక్టరును ముందే మాట్లాడిపెట్టుకోండి. మరణ కారణం రాసిచ్చే ఫారం 4ఎ మీద ఆ డాక్టరు సంతకం కావాలి. 21 రోజుల్లోపు మరణాన్ని నమోదు చేయిస్తే రుసుము ఉండదు.