నేలకును ఊపిరి కావలయును

స్కాట్లండు దేశమున సెయింట్ ఆండ్రూస్ పట్టణపు సముద్రతీరమున, గోల్ఫు అను బంతియాటకు పేరొందిన ప్రాచీనమగు పచ్చికబయలు కలదు. ఆటగాండ్రు నిత్యము త్రొక్కుటచే నేల గట్టిపడును. నీరింకదు, వేళ్ళకు గాలి సోకదు. కావున వసంతమున గడ్డి చిగురించువేళ, బోలుగానుండు ఇనుపముళ్ళతో నేలను గ్రుచ్చి, సన్నని మట్టిముక్కలను పెఱికి, ఆ రంధ్రములను ఇసుకతో నింపుదురు. 1864 మొదలు 1903 వఱకు ఆ బయలును సంరక్షించిన టామ్ మారిస్, ఇసుక చల్లిన పచ్చిక బలియునని కనుగొనెను. ఆదివారము ఆట మానుట నేలకు విశ్రాంతియని యాతని మతము.

నేను ఉపాధ్యాయుడనై యున్నపుడు, బాలురు త్రొక్కిన ఆటస్థలమున గడ్డి యెండగా, కుండలకొలది నీరు పోయించితిని. అది పైననే నిలిచి యావిరియయ్యెను. కొఱత నీటిది కాదు, ఊపిరిది. మీ యూరి బడిముంగిట గడ్డి చచ్చినచో, ముందు గునపముతో నేలను గ్రుచ్చి చూడుడు.