ఆ పచ్చగోడకి నీళ్లెవరు పోస్తారు?

అపోహ: హైటెక్ సిటీ ఆఫీసుల రిసెప్షన్లలో కంపెనీ లోగో చుట్టూ కనిపించే నాచు పెరుగుతూ ఉంటుంది, గాలిని శుభ్రం చేస్తుంది.

వాస్తవం: చాలాచోట్ల అది ఎప్పుడో చనిపోయిన సరుకు. గ్లిజరిన్ పట్టించి, రంగువేసి నిలవచేస్తారు. నీళ్లు పోస్తే పాడవుతుంది. రెయిన్‌డీర్ మాస్ అని అమ్మేదైతే అసలు నాచే కాదు, లైకెన్. గదిలో చప్పుడు కాస్త పీల్చుకుంటుంది. గాలి సంగతి మాత్రం కిటికీకే వదిలేయండి.

అపోహ: పుట్టగొడుగుల మైసీలియంతో చేసిన ల్యాంప్‌షేడ్ ఇంట్లో పెడితే గొడుగులు మొలుస్తాయి.

వాస్తవం: ఉడికించి నీరు వార్చిన వరిగడ్డిలో పుట్టగొడుగు విత్తనం కలిపి అచ్చులో కూరతారు. మైసీలియం అనే తెల్లటి పోగులు గడ్డినంతా అల్లుకుని ఒకే దిమ్మలా బిగుసుకుంటాయి. దాన్ని అచ్చులోంచి తీసి ఓవెన్లో ఎండబెడితే పెరుగుదల ఆగిపోతుంది. అసలు గండం అంతకుముందే ఉంది. చేతి శుభ్రత తప్పిందా, ఆకుపచ్చ బూజు కమ్మేస్తుంది, దిమ్మ మొత్తం పారేయాల్సిందే. దీనికి కోట్ల ల్యాబ్ కావాలన్నదీ అపోహే. మూతున్న డబ్బా, స్పిరిట్, ఓపిక ఉంటే మొదలుపెట్టొచ్చు. అచ్చు కావాలంటే 2023 మార్చిలో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్‌ అనే నమూనాల తయారీ కేంద్రంలో త్రీడీ ప్రింటర్లున్నాయి.

అపోహ: గడ్డితో చేసిన ఇటుక ఉంటే మట్టి ఇటుక అక్కర్లేదు.

వాస్తవం: ఐఐటీ హైదరాబాద్ కంది క్యాంపస్‌లో 2021లో బయో ఇటుకలతో ఒక సెక్యూరిటీ గది కట్టారు. పొలం వ్యర్థాలను తరిగి, సున్నపు ముద్దలో కలిపి పోసిన ఇటుకలవి. బరువు కాల్చిన ఇటుకలో ఎనిమిదో వంతే. కానీ పైకప్పు భారం మోయలేవు, అందుకే ఇనుప ఫ్రేము, బయట సిమెంటు పూత. గొప్పగా ఫొటోలు పంచుకునేవాళ్లు ఈ ఫ్రేము ఊసెత్తరు. ఐటీ ఆఫీసుకు కావాల్సింది ఎక్కువగా పార్టిషన్లే కాబట్టి ఈ ఇటుకకి అక్కడ చోటుందని నా నమ్మకం.

అపోహ: జీవులతో వస్తువులు చేయడమంతా విదేశీ ఫ్యాషన్.

వాస్తవం: శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు ఎలా వస్తుందో చూడండి. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. సూక్ష్మజీవులు పుట్టించే ఆ పులుపు ఇనుమును కరిగిస్తుంది. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద కలం ఆనగానే గీత నల్లబడుతుంది. ఇనుము కరిగాక సూక్ష్మజీవుల పని అయిపోయినట్టే. పులియబెట్టే నీలిమందు తొట్టి అలా కాదు. అందులో సూక్ష్మజీవులు చస్తే నీలం కరగదు, నూలుకి పట్టదు. అందుకే తగిరిస గింజల గంజి, సున్నం అందిస్తూ, వాసన చూసుకుంటూ దాన్ని నెలల తరబడి బతికించుకుంటారు.