మీకు తెలుసా? తెల్లని డిఫ్యూజరూ రంగు పూస్తుంది!

కెమెరా ఫ్లాష్ వెలుగు ఇంచుమించు మధ్యాహ్నపు ఎండ రంగులోనే ఉంటుంది: సుమారు 5500 నుంచి 6000 కెల్విన్లు. పాతకాలపు ఫిలమెంట్ బల్బు 2700 దగ్గరే ఆగిపోతుంది. అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపెక్కుతుంది.

ఫ్లాష్‌కు వెలుగును చెదరగొట్టే డిఫ్యూజర్ తగిలిస్తే ఈ లెక్క కాస్త మారుతుంది. దాని ప్లాస్టిక్కో, గుడ్డో నీలి కాంతిని కొంత మింగేస్తే ఫొటోలో పసుపు ఛాయ పెరుగుతుంది; గుడ్డ పాతబడి రంగు మారితే మరీనూ. పైగా చెదిరిన వెలుగు గోడలకు తగిలి తిరిగొస్తుంది. ఆకుపచ్చ గోడైతే ముఖాలకూ ఆ రంగే!

తెలుగు పెళ్లిళ్లలో ఈ చిక్కు ఇట్టే బయటపడుతుంది. మధుపర్కాలు తెల్లగానే ఉండాలి, తలంబ్రాలు పసుపుగానే ఉండాలి. ఫ్రేమంతా పసుపు నిండితే, రంగులను తనంతట తానే సరిచేసే కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని వెలుగు రంగుగా పొరబడి నీలం వైపు జరపవచ్చు. అప్పుడు మధుపర్కాలు నీలిమందు ఎక్కువైన పంచెల్లా తేలతాయి.

దీనికి మందు గ్రే కార్డు, అంటే ఏ ఛాయా లేని బూడిదరంగు అట్ట. డిఫ్యూజర్ తీయకుండా, వధూవరులు కూర్చునే చోటే కార్డు పెట్టి ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి, దాని ఆధారంగా కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోవాలి. తెల్ల కాగితం వాడితే నమ్మకం తక్కువ. అందులో తెలుపు పెంచే రసాయనాలు అతినీలలోహిత కిరణాలు సోకితే నీలంగా మెరుస్తాయి.

రా ఫైల్‌లో తీస్తే రంగు తర్వాతైనా సరిదిద్దుకోవచ్చు, నిజమే. కానీ ముందు ఫ్లాష్, వెనక పసుపు వెలుగు బల్బులు ఉంటే ఒక్క సవరణ రెండింటికీ చాలదు. అందుకే అనుభవజ్ఞులు ఫ్లాష్‌కు నారింజరంగు జెల్ (పారదర్శకమైన రంగు పొర) అతికించి, దాని వెలుగును బల్బుల రంగుకు దగ్గర చేస్తారు.