బోధనానుభవం – అక్షరరూపం

క్లిష్టమైన రోగం ఎదురైనపుడు వైద్యుడు తోటి వైద్యులను సంప్రదిస్తాడు. న్యాయవాది పూర్వపు తీర్పులను పరిశీలిస్తాడు. ఉపాధ్యాయునికి అట్టి అవకాశం స్వల్పం. తరగతి గదిలో విద్యార్థుల నడుమ పెద్దవాడు అతడొక్కడే. పాఠం ఫలించినా, విఫలమైనా కారణాన్ని గమనించి చెప్పగల సహోద్యోగి చెంత ఉండడు. గంట మోగగానే ఆనాటి అనుభవం మరుగున పడుతుంది. కనుక ఏళ్ళు గడిచినంత మాత్రాన బోధన మెరుగుపడుతుందని చెప్పలేము. అనుభవాన్ని పరిశీలించినపుడే అది జ్ఞానమవుతుంది. అందుకు చక్కని సాధనం రచన.

భిన్నాలు నేర్చుకునే పిల్లలలో కొందరు 1/2 కంటే 1/4 పెద్దదంటారు. వారికి శ్రద్ధ లేదని సరిపెట్టుకుంటే ఉపాధ్యాయుడు నేర్చుకునేది ఏమీ ఉండదు. వారి సమాధానాన్ని ఉన్నది ఉన్నట్లు రాసుకొని ఆలోచిస్తే, 2 కంటే 4 పెద్దది గనుక వారు అలా తలచినట్లు బోధపడుతుంది. మరునాడు ఒక రొట్టెను ఇద్దరికీ, అంతే రొట్టెను నలుగురికీ పంచి చూపాలన్న ఉపాయం స్ఫురిస్తుంది. ఏమి ఆశించాను? ఏమి జరిగింది? ఎందుకు జరిగింది? రేపు ఏమి మార్చాలి? ఈ నాలుగు ప్రశ్నలే ఉపాధ్యాయుని దినచర్య పుస్తకానికి పునాది.

గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరాన్ని స్థాపించిన గిజుభాయి బధేకా ఈ సత్యాన్ని గ్రహించిన విద్యావేత్త. ఆయన రచించిన ‘దివాస్వప్న’ నాలుగవ తరగతిలో ప్రయోగాలు చేసిన ఒక ఉపాధ్యాయుని కథ. అందులోని ఉపాధ్యాయుడు మొదటిరోజు నిశ్శబ్దపు ఆట ఆడించబోతాడు. పిల్లల అల్లరితో అది భగ్నమవుతుంది. మరునాడు కథ చెప్పి వారిని ఆకట్టుకుంటాడు. విజయాన్నే కాక వైఫల్యాన్ని కూడా దాచకుండా చెప్పినందువల్లనే ఆ గ్రంథం నేటికీ ఉపాధ్యాయులకు మార్గదర్శకంగా నిలిచింది.

మన భాషలో గిడుగు రామమూర్తి పంతులు జీవితం ఇందుకు తార్కాణం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన ఆయన సవరల భాషను వారి నోటనే విని నేర్చుకున్నారు. వారి పాటలను, కథలను సేకరించి, సవర భాషలో పుస్తకాలు రచించారు. 1931లో ఆ భాషకు వ్యాకరణాన్ని వెలువరించారు. పిల్లలు మాట్లాడే భాషకూ, పాఠ్యగ్రంథాల భాషకూ గల అంతరాన్ని గుర్తించి, 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను నడిపి తమ వాదాన్ని లోకం ముందుంచారు. తరగతి గదిలో పుట్టిన సందేహం ఉద్యమమై, తెలుగు వచన స్వరూపాన్నే మార్చింది.

రాసుకున్నది తోటి ఉపాధ్యాయులతో పంచుకున్నపుడు మరింత ప్రయోజనం సిద్ధిస్తుంది. ఒకరు ఎదుర్కొన్న చిక్కుకు మరొకరి వద్ద పరిష్కారం ఉండవచ్చు. విమర్శ వల్ల పొరపాట్లు సవరించబడతాయి. మారుమూల పల్లెలోని ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే వ్యక్తికి తాను ఒంటరిననే భావన తొలగిపోతుంది. అయితే విద్యార్థుల పేర్లను, కుటుంబ విషయాలను వెల్లడించకపోవడం ఉపాధ్యాయుని ధర్మం. పిల్లవాని తప్పు పరిశీలనకు విషయం కావాలే గాని, పరిహాసానికి కాదు.

మీలో కొందరు రేపటి ఉపాధ్యాయులు. తాను నేర్చుకోవడం మానని గురువే ఇతరులకు నేర్పగలడు. అట్టి అభ్యాసానికి ఒక కలం, ఒక పుస్తకం, తన్ను తాను ప్రశ్నించుకునే ధైర్యం చాలు.